విశాఖపట్నం – పోర్ట్ బ్లెయిర్: గగనదూరం ఎంత, ప్రయాణానికి అసలు ఎంతసేపు పడుతుంది?

కంచరపాలెం వాసి:

సభ్యులందరికీ నమస్కారం. మా అన్నయ్య కుటుంబం చాలా కాలం క్రితమే పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడింది. వచ్చే జనవరిలో వారి గృహప్రవేశానికి, డెబ్బై దాటిన మా అమ్మగారిని వెంటబెట్టుకుని నేను విశాఖ నుంచి వెళ్లవలసి ఉంది. రెండు ఊళ్ల మధ్య దూరం, ప్రయాణ సమయం తెలుసుకుందామని వెతికితే ఒక్కొక్క చోట ఒక్కొక్క లెక్క కనిపిస్తోంది. దూరాలు చూపే ఒక వెబ్‌సైటు 1,225 కిలోమీటర్లని చెప్పి, ప్రయాణ సమయం గంటా 31 నిమిషాలని రాసింది. మరొకటి అదే దూరానికి రెండు గంటలంటోంది. టికెట్లు అమ్మే యాప్‌లో మేము అనుకున్న తేదీకి నేరు విమానం దొరకలేదు. చెన్నై మీదుగా ఆరున్నర గంటలు, హైదరాబాదు మీదుగా ఎనిమిది గంటల పైచిలుకు, కోల్‌కతా మీదుగా అయితే మర్నాటికి చేరతామని చూపిస్తోంది.

నా సందేహాలు రెండు. మొదటిది, గంటన్నర సరైనదా, రెండు గంటలు సరైనదా? రెండవది, మూడు దారుల్లో తక్కువ దూరం ఉన్నదానిని ఎంచుకుంటే అమ్మగారికి శ్రమ తగ్గుతుందా, లేక దూరంతో సంబంధం లేకుండా చూసుకోవాలా? అనుభవజ్ఞులు దయచేసి వివరంగా చెప్పగలరు.

గోళరేఖ:

మీకు కనిపించిన 1,225 సరైన సంఖ్యే. విశాఖ విమానాశ్రయం 17.72 ఉత్తర అక్షాంశం, 83.22 తూర్పు రేఖాంశం వద్ద ఉంది. పోర్ట్ బ్లెయిర్‌లోని వీర్ సావర్కర్ విమానాశ్రయం 11.64 ఉత్తర అక్షాంశం, 92.73 తూర్పు రేఖాంశం వద్ద ఉంది. అంటే దక్షిణంగా ఆరు డిగ్రీలు, తూర్పుగా తొమ్మిదిన్నర డిగ్రీలు జరగాలి. అక్షాంశంలో ఒక డిగ్రీ ఎక్కడైనా రమారమి 111 కిలోమీటర్లే అయినా, రేఖాంశంలో డిగ్రీ భూమధ్యరేఖ నుంచి పైకి వెళ్లేకొద్దీ కుంచించుకుపోతుంది కనుక, ఈ రెండు ఊళ్ల నడిమి అక్షాంశం దగ్గర దానిని 107 కిలోమీటర్లకు కాస్త ఎక్కువగా తీసుకోవాలి. ఆ లెక్కన దక్షిణంగా సుమారు 675, తూర్పుగా సుమారు 1,020 కిలోమీటర్లు వస్తాయి. పైథాగరస్ సూత్రం వేస్తే 1,225 దగ్గర తేలుతుంది. వైమానికులు వాడే నాటికల్ మైళ్లలో 661, మామూలు మైళ్లలో 761.

భూమి గోళం కనుక విమానం పటంలో వంపుగా కనిపించే దారిలో పోతుందని, అందువల్ల దూరం మారుతుందని కొందరు రాస్తుంటారు. అది హైదరాబాదు నుంచి అమెరికా వెళ్లేవారికి పెద్ద విషయమే. ఇక్కడ మాత్రం మహావృత్తం (గోళం మీద రెండు చోట్లను కలిపే అతి దగ్గరి దారి) మీద కొలిచినా, ఒకే దిక్సూచి కోణాన్ని పట్టుకుని కొలిచినా తేడా ఒక కిలోమీటరు కూడా ఉండదు. విశాఖ నుంచి బయలుదేరేటప్పుడు ముక్కు 122 డిగ్రీల వైపు, అంటే ఆగ్నేయానికి కొంచెం తూర్పుగా ఉండాలి.

గంటా 31 నిమిషాలు ఎలా వచ్చాయో కూడా సులువుగానే పట్టుకోవచ్చు. 761 మైళ్లను గంటకు 500 మైళ్ల వేగంతో భాగించారు, అంతే. విమానం గేటు దగ్గరే 500 మైళ్ల వేగంతో పుట్టి, అదే వేగంతో అవతలి గేటు దగ్గర మాయమైతే ఆ లెక్క నిజమవుతుంది.

రన్‌వే 28:

గోళరేఖ గారు దూరం సంగతి తేల్చేశారు కనుక, నేను సమయం సంగతి చెబుతాను. విమానాశ్రయాల్లో నేలమీది పనులు చూసే ఉద్యోగంలో చాలా ఏళ్లు ఉన్నాను. ఈ రంగంలో రెండు వేర్వేరు సమయాలు ఉంటాయి. చక్రాలు నేలను విడిచిన క్షణం నుంచి మళ్లీ నేలను తాకే క్షణం వరకు ఒకటి. విమానం గేటు దగ్గర వెనక్కి కదిలినప్పటి నుంచి, అవతల గేటు దగ్గర ఆగి చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టే వరకు రెండవది. దీనిని బ్లాక్ టైమ్ అంటాం. టికెట్ మీద అచ్చయ్యేది ఎప్పుడూ ఈ రెండవదే.

ఎయిర్‌బస్ ఏ320 తరహా విమానాన్ని తీసుకుని ఈ దారికి లెక్క వేద్దాం. నేల నుంచి 35 వేల అడుగులకు ఎక్కడానికి ఇరవై, ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో అది ముందుకు సాగేది 200 కిలోమీటర్ల వరకే, ఎందుకంటే 10 వేల అడుగుల లోపు వేగాన్ని సాధారణంగా 250 నాట్లకు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) మించనివ్వరు. దిగేటప్పుడు 220 కిలోమీటర్లకు పాతిక నిమిషాలు వేసుకోవచ్చు. మిగిలిన 800 కిలోమీటర్ల చిల్లర మాత్రమే గంటకు 830 చొప్పున సాగుతుంది, దానికి 58 నిమిషాలు. మొత్తం గాలిలో ఉండేది గంటా 45 నిమిషాలు. దీనికి రెండు వైపులా నేలమీద నడిచే పదిహేను, ఇరవై నిమిషాలు కలిపితే రెండు గంటలు దాటీ దాటనట్టు వస్తుంది. కాబట్టి మీకు కనిపించిన రెండు గంటల అంకె నమ్మదగినది.

ఇందులో విశాఖకు ప్రత్యేకమైన మెలిక ఒకటి ఉంది. ఇక్కడి ప్రధాన రన్‌వే 10, 28 దిశల్లో (అంటే దిక్సూచి మీద సుమారు 100, 280 డిగ్రీల వైపు), 3,050 మీటర్ల పొడవున ఉంటుంది. 10 దిశలో లేస్తే విమానం ముక్కు తూర్పుకు, సముద్రం వైపు ఉంటుంది. పోర్ట్ బ్లెయిర్ వెళ్లే విమానం కొద్దిగా కుడికి ఒరిగితే దారిలో పడిపోతుంది. గాలి పడమటి నుంచి వీస్తుంటే 28 దిశలో లేవాలి. అప్పుడు ముందు కొండల వైపు వెళ్లి, ఎత్తు పుంజుకుని, చుట్టు తిరిగి సముద్రం మీదికి రావాలి. అంతటితోనే నాలుగైదు నిమిషాలు ఖర్చవుతాయి. అవతల పోర్ట్ బ్లెయిర్ రన్‌వే ఈశాన్య నైరుతి దిశల్లో ఉంటుంది. మనం వాయవ్యం నుంచి వెళతాం కనుక ఏ చివర దిగాలన్నా ఒక మలుపు తప్పదు. అందుకే గీత గీసి కొలిచిన 1,225 కిలోమీటర్లు నిజంగా ఎగిరేటప్పుడు 1,260, 1,280 అవుతాయి.

శాస్త్రాభిలాషి:

గాలి గురించి ఎవరూ చెప్పలేదు కనుక కలుగజేసుకుంటున్నాను. ఈ దారిలో వెళ్లే సమయం, తిరిగి వచ్చే సమయం ఏడాది పొడవునా ఒకటిగా ఉండవు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు దక్షిణ భారతదేశం మీద, బంగాళాఖాతం మీద చాలా ఎత్తున తూర్పు నుంచి పడమటికి ఒక బలమైన గాలి ప్రవాహం ఉంటుంది. దీనిని ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహం అంటారు. దీని గురించి 1958లో సవివరమైన పరిశోధన పత్రం ప్రకటించినవారు తెలుగువారైన వాతావరణ శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం. తరువాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతి కూడా అయ్యారు. విమానయానం గురించి మాట్లాడుకునేటప్పుడు మనవాళ్లు ఆయనను తలచుకోవడం తక్కువ కనుక ఇక్కడ ప్రస్తావించాను.

ఈ ప్రవాహం నడిబొడ్డు 14 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది, మన విమానాలు పదీ పదకొండు కిలోమీటర్ల ఎత్తులో పోతాయి. కనుక పూర్తి తాకిడి తగలదు, అయినా ప్రభావం ఉంటుంది. ఉదాహరణకు తూర్పు నుంచి 40 నాట్ల గాలి వీస్తోందనుకుందాం. విమానం 122 డిగ్రీల దిశలో పోతుంది కనుక ఎదురుగాలిగా తగిలేది 34 నాట్లు. నేలతో పోల్చిన వేగం 450 నుంచి 416 నాట్లకు పడిపోతుంది, అదే తిరుగు ప్రయాణంలో 484కు పెరుగుతుంది. 661 నాటికల్ మైళ్లను ఈ రెండింటితో భాగిస్తే 95 నిమిషాలు, 82 నిమిషాలు వస్తాయి. పోయేటప్పటికీ వచ్చేటప్పటికీ 13 నిమిషాల తేడా. మీరు వెళ్లేది జనవరిలో కనుక ఈ తూర్పు ప్రవాహం అప్పుడు ఉండదు. పడమటి గాలులు ఉత్తర భారతం మీద ఉధృతంగా ఉన్నా, ఇంత దక్షిణాన బలహీనపడతాయి. విశాఖ వైపు కాస్త వెన్నుగాలి దొరకవచ్చు, పోర్ట్ బ్లెయిర్ చేరేసరికి అదీ పలచబడుతుంది.

రన్‌వే 28:

లెక్క బాగుంది, కాని ప్రయాణికుడికి ఆ 13 నిమిషాలు కనిపించవని నా అభిప్రాయం. విమాన సంస్థలు ఋతువును బట్టి వేళల పట్టికలోనే కొంత వెసులుబాటు వేసి ఉంచుతాయి. ఎదురుగాలి ఉన్న రోజు సమయానికి చేరతారు, లేని రోజు పది నిమిషాలు ముందుగా దిగి, గేటు ఖాళీ అయ్యేవరకు లోపలే కూర్చుంటారు. జనవరిలో మీరు పట్టించుకోవలసింది పై గాలిని కాదు, ప్రధాన భూభాగంలో తెల్లవారుజామున పట్టే పొగమంచును. ఉత్తరాదిలో రాత్రి నిలిచిపోయిన విమానం వల్ల ఉదయం విశాఖ నుంచి వెళ్లవలసినది ఆలస్యమయ్యే రోజులు ఆ నెలలోనే ఎక్కువ.

పడవ ప్రయాణికుడు:

చర్చకు కొంచెం పక్కదారి అయినా ఒక మాట. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ప్రయాణికుల ఓడ దాదాపు నెలకొకటి చొప్పున నడుస్తూ వచ్చింది, యాభై ఆరు గంటల ప్రయాణం. ఈ మార్గాల్లో తిరిగిన స్వరాజ్ ద్వీప్ అనే ఓడను కట్టింది మన హిందుస్థాన్ షిప్‌యార్డులోనే. ఇంచుమించు అదే దూరాన్ని విమానం రెండు గంటల్లో దాటుతుంది, ఓడకు రెండు పగళ్లు, రెండు రాత్రుళ్లు చాలవు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి అండమాన్ వెళ్లి స్థిరపడిన పాత తరం వారంతా ఇలాగే వెళ్లారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ తెలుగు మాతృభాషగా గలవారు 13 శాతం ఉన్నారంటే, ఆ ఓడల చలవే ఎక్కువ. డెబ్బై దాటిన అమ్మగారికి మాత్రం నేను ఓడను సిఫారసు చేయను.

తూర్పుకనుమ:

అసలు ప్రశ్నకు వద్దాం. మూడు దారుల దూరాలు నేను లెక్కించాను. విశాఖ నుంచి చెన్నై సుమారు 618 కిలోమీటర్లు, అక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్ 1,372, మొత్తం 1,990. కోల్‌కతా మీదుగా 773, 1,306 కలిపి 2,079. హైదరాబాదు మీదుగా 511, 1,660 కలిపి 2,171. బెంగళూరు మీదుగా వెళితే 2,400 దాటుతుంది. హైదరాబాదుకు వెళ్లడమంటే గమ్యానికి సరిగ్గా వెనుదిరిగి 500 కిలోమీటర్లు పోయి, మళ్లీ దాదాపు విశాఖ అక్షాంశం నుంచే మొదలుపెట్టడం. అందుకని దూరం ప్రకారం చెన్నై, ఆ తరువాత కోల్‌కతా, చివరగా హైదరాబాదు అని నేను వరుస పెడతాను. నేరు దూరంతో పోలిస్తే చెన్నై దారే 62 శాతం ఎక్కువ, మిగతావి ఇంకా ఎక్కువ. అమ్మగారిని అంత అదనంగా తిప్పడం దేనికి?

రన్‌వే 28:

తూర్పుకనుమ గారూ, మీ సంఖ్యలతో పేచీ లేదు, వరుసతోనే నాకు పేచీ. ఈ దూరాలను ప్రయాణ సమయంగా మార్చి చూడండి. చెన్నై మీదుగా మొదటి విమానం గంటా ఇరవై, రెండవది రెండుంపావు గంటలు, రెండూ కలిసి మూడున్నర గంటల పైచిలుకు. హైదరాబాదు మీదుగా గంటంబావు, రెండు గంటల నలభై నిమిషాల లోపు, కలిపితే నాలుగు గంటలకు కొంచెం తక్కువ. కోల్‌కతా మీదుగా కూడా అంతే వస్తుంది. అంటే 180 కిలోమీటర్ల తేడా ఆకాశంలో ఇరవై నిమిషాల మాట. ఎక్కడం, దిగడం, నేలమీద నడవడం ప్రతి విమానానికీ ఒకటే కనుక, ఒకసారి దిగి మరొకటి ఎక్కక తప్పనప్పుడు కిలోమీటర్లు పెద్దగా లెక్కలోకి రావు.

ప్రశ్న అడిగినవారికి యాప్‌లో కనిపించిన ఆరున్నర గంటలకూ, ఎనిమిది గంటలకూ, మర్నాటికీ మధ్య తేడా పుట్టేది నడుమ కూర్చునే సమయంలో. కోల్‌కతా దారి మర్నాటికి చేరడానికి దూరం కారణం కాదు. పోర్ట్ బ్లెయిర్‌లో చాలా ఏళ్లు పౌర విమానాలను పగటి వేళల్లోనే నడిపారు. అందువల్ల ప్రధాన భూభాగం నుంచి అక్కడికి వెళ్లే విమానాల్లో ఎక్కువ భాగం తెల్లవారుజామునా, ఉదయం పూటా బయలుదేరే ఆనవాయితీ ఏర్పడింది. విశాఖ నుంచి పొద్దున్నే లేచిన విమానం కోల్‌కతాలో దిగేసరికి అక్కడి నుంచి పోవలసినది వెళ్లిపోయి ఉంటే, రాత్రి అక్కడ గడపక తప్పదు. ఇటు విశాఖలోనూ ఇబ్బంది ఉంది. రెండూ నౌకాదళం వారి వైమానిక స్థావరాలే. ఇక్కడ ఐఎన్ఎస్ డేగా, అక్కడ ఐఎన్ఎస్ ఉత్క్రోశ్. నౌకాదళం శిక్షణ విమానాలకు కేటాయించిన వేళల్లో పౌర విమానాలకు చోటు దొరకదు. ఇటు వేళలు, అటు వేళలు కుదిరితేనే ప్రయాణం ఒక పూటలో తెములుతుంది.

తూర్పుకనుమ:

ఒప్పుకోలేను. వేళలు ప్రతి ఆరు నెలలకూ, అంటే వేసవి, శీతాకాల పట్టికలతో పాటు మారిపోతాయి. దూరం మారదు. ఈ చర్చను రెండేళ్ల తరువాత చదివేవారికి పనికివచ్చేది దూరమే కదా. పైగా కిలోమీటర్లు పెరిగితే ఇంధనం పెరుగుతుంది, ఇంధనం పెరిగితే టికెట్ ధర పెరుగుతుంది.

కంచరపాలెం వాసి:

ధర సంగతి మాకు కనిపించినంతవరకు అలా లేదు. హైదరాబాదు మీదుగా పోయేది దూరం ఎక్కువైనా, మేము చూసిన రోజున చెన్నై మీదుగా పోయేదానికంటే తక్కువ ధరకే చూపించింది. అది ఆనాటి గిరాకీని బట్టి ఉంటుందేమో. ఈ సందర్భంలో ఇంకొక సందేహం. చిన్న విమానాలు, అంటే రెక్కలకు పంకాలు ఉండేవి, ఈ దారిలో వేస్తే నేరుగా వెళ్లడానికి వీలవుతుంది కదా? రాజమండ్రికి, కడపకు అవి వస్తున్నాయి.

రన్‌వే 28:

మీరు చెప్పిన పంకాల విమానం, ఏటీఆర్ 72 రకం, గంటకు 510 కిలోమీటర్లకు మించి పోదు. 1,225 కిలోమీటర్లకు రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు, పైన అరగంట కలిపితే మూడు గంటలు. మూడు గంటలు కూర్చోవడం ఇబ్బందే అయినా, అసలు అడ్డంకి ఇంధనం. ఏ విమానమైనా గమ్యానికి సరిపడా ఇంధనంతో మాత్రమే బయలుదేరదు. అక్కడ వాతావరణం బాగాలేక దిగలేకపోతే మరొక విమానాశ్రయానికి మళ్లడానికి, ఆపైన కొంతసేపు గాలిలో తిరగడానికి కూడా నింపుకోవాలి. రాజమండ్రిలో దిగలేకపోతే విశాఖ ఉంది, విజయవాడ ఉంది. పోర్ట్ బ్లెయిర్‌లో దిగలేకపోతే మళ్లడానికి సాధారణంగా ఎంచుకునేవి సముద్రానికి ఇవతల, ప్రధాన భూభాగంలో ఉన్నవే. అంటే పోను రాను ఇంధనం మోయవలసిన పరిస్థితి. ఏటీఆర్ ఆ పని చేయాలంటే కొన్ని సీట్లు ఖాళీగా పోవాలి. జెట్ విమానం ఆ బరువును మోయగలదు, అయినా దానికీ సరుకు విషయంలో కొంత కోత పడుతుంది. ద్వీపానికి వెళ్లే విమానం 1,225 కిలోమీటర్ల దారిని ఇంచుమించు రెట్టింపుగా భావించి సిద్ధమవుతుంది. ఈ ఒక్క విషయం ఏ దూరాల వెబ్‌సైటులోనూ కనిపించదు.

గోళరేఖ:

దారి పొడవు గురించి ఒక చేర్పు. బంగాళాఖాతం ఖాళీ ఆకాశమని మనం అనుకుంటాం కాని, శ్రీహరికోట నుంచి రాకెట్ ప్రయోగం ఉన్నప్పుడు, ఒడిశా తీరం నుంచి గానీ అండమాన్ దగ్గర గానీ క్షిపణి పరీక్షలు ఉన్నప్పుడు, సముద్రం మీద పెద్ద పెద్ద భాగాలను కొన్ని గంటలపాటు మూసివేసి, వైమానికులకు ముందుగా నోటీసు ఇస్తారు. ఆ సమయంలో విమానాలు చుట్టు తిరిగి పోవాలి, లేదా వేళ మార్చుకోవాలి. మే 2025లో అండమాన్ చుట్టూ ఇలా రెండు రోజులు, రోజుకు కొన్ని గంటల చొప్పున గగనతలం మూసివేశారు. తీరానికి దూరమయ్యాక రాడార్ అందదు కనుక, ఒకదాని వెనుక ఒకటిగా పోయే విమానాల మధ్య ఎడం కూడా భూభాగం మీద ఎగిరేటప్పటి కంటే ఎక్కువ ఉంచుతారు. ముందున్నది నెమ్మదిగా పోయేదైతే వెనుకదానికీ అదే గతి.

భీమిలి బీచ్:

భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి విమానాలు నడిస్తే ఈ లెక్కలు ఏమవుతాయి? మా ఇంటికి అది దగ్గర కనుక అడుగుతున్నాను.

గోళరేఖ:

భోగాపురం విశాఖకు ఈశాన్యంలో ఉంది. పోర్ట్ బ్లెయిర్‌కు గగనదూరం సుమారు పది కిలోమీటర్లే తగ్గుతుంది, విమానంలో అది నిమిషం మాట కూడా కాదు. కంచరపాలెం నుంచి బయలుదేరేవారికి మాత్రం ఇప్పుడున్న విమానాశ్రయం ఆటోలో పోయే దూరం, భోగాపురం అయితే జాతీయ రహదారి మీద గంటకు పైగా ప్రయాణం. భీమిలి వారికి, విజయనగరం వారికి మేలు. నౌకాదళం వేళల నిర్బంధం లేని రన్‌వే కావడం మాత్రం అందరికీ కలిసొచ్చే విషయం. నేరు విమానం వేయదలచిన సంస్థకు అవతలి వేళ ఒక్కటే చూసుకుంటే సరిపోతుంది.

అబర్డీన్ బజార్:

నేను పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంటాను. 2024లో ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు కనుక టికెట్ల మీద రెండు పేర్లలో ఏది కనిపించినా కంగారు పడవద్దు, విమానాశ్రయం అదే. 2023లో ప్రారంభించిన కొత్త టెర్మినల్ భవనం విశాలంగా ఉంటుంది.

ఏటా వేసవిలో సొంత ఊరికి వెళ్లివచ్చే తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. మేమెవరమూ దూరం చూసి టికెట్ కొనం. రెండు చూస్తాం. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉన్నాయా, నడుమ రెండు గంటలకు తగ్గకుండా ఉందా? వేర్వేరు టికెట్లు కొంటే నాలుగు డబ్బులు మిగలవచ్చు, కాని విశాఖ విమానం గంట ఆలస్యమై, చెన్నైలో రెండవది వెళ్లిపోతే ఆ రెండవ సంస్థకు మీతో సంబంధం ఉండదు. సామాను కూడా మధ్యలో తీసుకుని మళ్లీ అప్పగించాలి. చెన్నైలో దేశీయ విమానాలు ఒకటవ టెర్మినల్ నుంచీ, నాలుగవ టెర్మినల్ నుంచీ నడుస్తాయి. ఒకదానిలో దిగి రెండవదానిలో ఎక్కవలసి వస్తే పెద్దవారిని నడిపించడం కష్టం. మా పొరుగింటి పెద్దాయనను ఒకసారి ఇలాగే విడి టికెట్లతో తీసుకువచ్చారు. మొదటి విమానం ఆలస్యమవడంతో, సామాను బెల్టు దగ్గర పెట్టె కోసం ఎదురుచూస్తుండగానే రెండవ విమానం కౌంటరు మూసేశారు. ఆ రాత్రికి గదికి, మర్నాటి టికెట్టుకు అయిన ఖర్చు ముందు మిగిలిందనుకున్నదానికి మూడింతలు.

తూర్పుకనుమ:

ఒకే పీఎన్ఆర్ అన్న మాటకు నేనూ తల ఊపుతాను. అయినా నా వరుస నాదే. వేళలు, టెర్మినళ్లు, ధరలు సమానంగా ఉన్న రోజున తక్కువ దూరమే మేలు.

రన్‌వే 28:

సమానంగా ఉన్న రోజున తప్పకుండా.

కంచరపాలెం వాసి:

అందరికీ కృతజ్ఞతలు. ఒకే పీఎన్ఆర్ మీద, చెన్నైలో రెండు గంటల యాభై నిమిషాల ఎడంతో, రెండు విమానాలూ ఒకే టెర్మినల్ నుంచి ఉన్నది ఎంచుకున్నాను. అమ్మగారికి చక్రాల కుర్చీ కావాలని టికెట్‌తోనే నమోదు చేశాను. ఉదయం ఏడింటికి బయలుదేరితే మధ్యాహ్నం రెండు లోపు చేరతాం. అన్నయ్య గృహప్రవేశం ముహూర్తం మర్నాడు ఉదయం. అక్కడా మన గడియారమే కదా, సమయం మార్చుకోవలసిన పని లేదుగా?

గోళరేఖ:

గడియారం ఒకటే, సూర్యుడే వేరు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ విశాఖకు పడమటి పక్కనే పోతుంది. పోర్ట్ బ్లెయిర్ ఆ రేఖకు పది డిగ్రీలు తూర్పున ఉంది. జనవరి మధ్యలో విశాఖలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో అయితే, అక్కడ ఆరుకు చాలా ముందే అవుతుంది, తేడా ముప్పావు గంటకు పైమాటే. సూర్యాస్తమయంలో మాత్రం తేడా అరగంట లోపే, ఎందుకంటే దక్షిణానికి పోయేకొద్దీ చలికాలపు పగలు పొడవవుతుంది.

అబర్డీన్ బజార్:

కనుక ముహూర్తాన్ని విశాఖ పంచాంగంలోని సూర్యోదయంతో లెక్కించి ఉంటే, అన్నయ్యగారిని ఇక్కడి పురోహితుడితో ఒకసారి సరిచూసుకోమనండి. లగ్నాలు కూడా దాదాపు అంత ముందుగానే వస్తాయి.

కంచరపాలెం వాసి:

ముహూర్తం పెట్టింది కంచరపాలెం పంతులుగారే. ఇప్పుడే అన్నయ్యకు ఫోన్ చేస్తున్నాను.